దేవుడి తరఫు వకీలు

ఆ పిల్లకి వకీలు అన్న పేరు వాళ్ళ అన్నయ్య పెట్టాడు. బడికి ఎందుకు వెళ్ళాలో సరైన కారణం చెబితేనే జడలు వేయించుకుంటానని ఒకనాటి పొద్దున్న తల్లితో పేచీ పెట్టుకుంది. తల్లి చెప్పిన ప్రతి కారణానికీ ఒక అడ్డుప్రశ్న వేసి, ఆవిడకి ఓపిక నశించేదాకా వాదించి, చివరికి ఒకవైపు జడతో, ఒకవైపు విరబోసిన జుట్టుతో బడికి పోయింది. "మన ఇంట్లో వకీలు పుట్టిందమ్మా, ఇక మనకి కోర్టు ఖర్చులు ఉండవు" అన్నాడు అన్నయ్య. అప్పటికి వాడికీ మీసాలు రాలేదు. పేరు మాత్రం అతుక్కుపోయింది. ఇంట్లో అసలు పేరుతో పిలిస్తే ఏదో తప్పు చేసి దొరికిపోయానని ఆ పిల్ల భయపడేది.

ఇప్పుడు వకీలు కాలేజీలో లెక్కలు చదువుతోంది. తండ్రి ఒక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని చేస్తాడు. ఎంత కడుక్కున్నా ఆయన వేళ్ళకి జిగురు వాసన పోదు. తల్లి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుంది. ప్యాంట్లకి అంచులు మడవడం, పాడైన జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసిన వాళ్ళకి జాకెట్లు వదులు చెయ్యడం. పెదవుల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని అందరితోనూ మాట్లాడుతుంది. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. తల్లిదండ్రులు అతన్ని పెద్దోడు అంటారు. ఇంట్లో ఉండేది ఈ నలుగురే.

గొడవ కాలేజీ పత్రికతో మొదలైంది. ప్రతి సంచికలోనూ ఒక విద్యార్థిని కూర్చోబెట్టి, చదువు, ఇల్లు, నమ్మకం, సరదాలు అంటూ ప్రశ్నలు వేసి ఒక పేజీ వేసేవాళ్ళు. ఈసారి వకీలు వంతు వచ్చింది. దాపరికం లేకుండా చెప్పింది. హాజరు కోసం తరగతిలో కూర్చోవడం కూడా ఒకరకం భక్తేనంది. కుటుంబం అంటే మనల్ని అడక్కుండా మనల్ని చేర్చుకున్న గుంపు అని, అయినా బయటికి పోబుద్ధి కాదని అంది. హాబీ అంటే ఎందుకు చేస్తున్నావని ఎవరూ అడగని పని, తనకది టేబుల్ టెన్నిస్ అంది. దేవుణ్ణి నమ్ముతావా అంటే, "లేదు. చిన్నప్పుడు నమ్మాను. ఇప్పుడు ఇంట్లో ప్రార్థన చేస్తున్నప్పుడు కళ్ళు మూసుకుని మర్నాటి లెక్కలు చేసుకుంటాను" అంది.

ఆ పత్రిక కుట్టుపనికి తండ్రి పనిచేసే అచ్చాఫీసుకే వచ్చింది. కాలేజీ వాళ్ళు ఎక్కడ అచ్చు వేయిస్తారో వకీలుకి తెలియదు. తండ్రి ఆ పేజీలో కూతురి ఫోటో చూసి పొంగిపోయి, పక్కనున్న వాళ్ళందరికీ చూపించి, ఆ తర్వాత తీరిగ్గా చదివాడు. ఒక ప్రతి సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. భోజనానికి ముందు బల్ల మీద పెట్టి, "బాగా మాట్లాడావమ్మా" అని మాత్రం అన్నాడు. ఆయన కోపం అలాగే ఉంటుంది.

తల్లి చదివింది. పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

"అంటే ఇన్నాళ్ళూ మా పక్కన కూర్చుని నాటకం ఆడావన్నమాట."

"మీరు బాధపడతారని ఊరుకున్నానమ్మా."

"మరి ఇప్పుడు బాధపడమా? ఊరందరికీ అచ్చేసి పంచావు కదా."

వకీలు ఒంటికాలి మీద లేచింది. నిజం చెబితే తప్పు, చెప్పకపోతే నాటకం, మరి మనిషి ఏం చెయ్యాలి అంది. తల్లి గొంతూ పెరిగింది. కూర చల్లారిపోతోంది. అప్పుడు అన్నయ్య కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఇదిగో, అందరూ వినండి. నమ్మని మనిషిని కూర్చోబెట్టి కళ్ళు మూయించడం ప్రార్థనకే అవమానం. మనం ప్రార్థన చేసుకుందాం. ఆ కాసేపూ ఇది కంచాలు పెట్టి వడ్డిస్తుంది. దేవుడికీ నష్టం లేదు, మనకీ భోజనం తొందరగా వస్తుంది."

తండ్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. తల్లి మూతి ముడుచుకుంది కానీ కాదనలేదు. ఆ రోజు నుంచి అదే ఆనవాయితీ అయింది. ముగ్గురూ తలలు వంచుకుని కూర్చుంటే, వకీలు చప్పుడు కాకుండా కంచాలు పెట్టేది. ప్రార్థన చివరి మాట అయ్యేసరికి అందరి కంచాల్లోనూ అన్నం ఉండేది. ఒక్కోసారి అన్నయ్య ఒక కన్ను తెరిచి, "ఇంకాస్త కూర" అని సైగ చేసేవాడు.

అతని భక్తిలో ఆర్భాటం లేదు. బాగుచేసిన ఇంజిను మొదటిసారి స్టార్టు చేసే ముందు పెదవుల్లో ఏదో అనుకునేవాడు. "స్టార్టయితే దేవుడి గొప్ప. అవకపోతే ఎవరి తప్పు?" అని వకీలు ఆటపట్టించేది. "ఇంజెక్టర్ది" అనేవాడు తడుముకోకుండా.

ఆమెకి టేబుల్ టెన్నిస్ నేర్పింది కూడా అతనే. డిపోలో పనివాళ్ళు కాలక్షేపం చేసే గదిలో ఒక పాత బల్ల ఉంది, ఒక మూల పెచ్చు ఊడిపోయింది. బంతి ఆ మూల పడితే ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఆదివారాలు ఇద్దరూ అక్కడ ఆడేవాళ్ళు. ఆమె దంచికొట్టేది. అతను బల్లకి దూరంగా నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ బ్యాటుతో కింది నుంచి కోసినట్టు మెల్లగా వెనక్కి పంపేవాడు. ఆమె ఓపిక చచ్చి బంతిని నెట్‌కి కొట్టేదాకా అదే వరస. "వాదనలో గెలుస్తావు గానీ ఆటలో నీకు ఎదుటివాడు చెప్పేది వినే ఓపిక లేదే" అనేవాడు. ఎన్నేళ్ళు ఆడినా ఒక్కసారీ ఆమె గెలవలేదు.

చివరికి ఒక ఆదివారం గెలిచింది, గంతులేసింది. రెండో ఆట కూడా గెలిచేసరికి అనుమానం వచ్చింది.

"కావాలని ఓడిపోతున్నావా? అలాగైతే నాకొద్దు."

"లేదే. కాళ్ళు లాగేస్తున్నాయి. రెండు నిమిషాలు కూర్చుంటా."

బెంచీ మీద కూర్చున్నాడు. మోచేతి కింద నల్లగా కమిలి ఉంది. ఎక్కడ తగిలిందంటే గుర్తు లేదన్నాడు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే రోజూ నెత్తురు వస్తోందని, బ్రష్షు మార్చాలని మాటవరసకి అన్నాడు.

రక్తపరీక్షలు చేయించారు. మళ్ళీ చేయించారు. బ్లడ్ క్యాన్సర్ అని డాక్టరమ్మ చెప్పినప్పుడు తండ్రి ఆమె మాట వినబడనట్టు ముందుకి వంగి, "ఏమన్నారమ్మా?" అని అడిగాడు. ఆవిడ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. తల్లి ఏడవలేదు. "మా వాడికి ప్రార్థన ఉంది. బాగవుతాడు" అంది. అన్నయ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

వైద్యం మొదలైంది. కొన్నాళ్ళు ఆసుపత్రి, కొన్నాళ్ళు ఇల్లు. జుట్టు రాలిపోయింది. డిపో నుంచి వచ్చిన స్నేహితులు అతని గుండు చూసి జోకులు వేసి, గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తల్లి మిషను దగ్గర కూర్చుంటే కాళ్ళు తొక్కుతుండేవి, పెదవులు ప్రార్థన చేస్తుండేవి. సూదులు పెట్టుకోవడానికి పెదవులు ఖాళీ లేక చేతికి ఒక చిన్న దిండు కట్టుకుని దానికి గుచ్చుకునేది. వకీలు తరగతులకి వెళ్ళేది, నల్లబల్ల మీది లెక్కలు పుస్తకంలోకి ఎక్కించుకునేది, ఏమీ తలకెక్కేది కాదు. క్యాంటీన్లో ఎవరైనా దేవుడున్నాడా లేడా అని చర్చ మొదలుపెడితే టీ సగంలో వదిలేసి లేచిపోయేది.

ఒక సాయంత్రం, అన్నయ్య ఇంట్లో ఉన్న రోజుల్లో, అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. తల్లి తల వంచి ప్రార్థన మొదలుపెట్టింది. వకీలు వంటింటి గట్టు మీద కంచాలు తీస్తోంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే అన్నయ్య. బల్లని పట్టుకుని లేచి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఆమె చేతిలోంచి రెండు కంచాలు తీసుకున్నాడు.

"నువ్వు కూర్చో అన్నయ్యా, నేను పెడతాను."

"పర్లేదులే. నేనూ పెడతా."

తల్లి గొంతు ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. తండ్రి తలెత్తకుండా అలాగే ఉండిపోయాడు. అన్నయ్య ఒక్కో కంచమూ జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు, రెండో చెయ్యి సాయం పెట్టుకుని. తర్వాత కూర్చుని నీళ్ళు తాగాడు. తల్లి ప్రార్థన పూర్తి చెయ్యలేదు. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

మర్నాడు అతను నిద్రపోతున్నప్పుడు తల్లి వకీలుని ముందుగదిలోకి పిలిచింది. మిషను ఆపి, చేతిలో ఎవరిదో కోటు పట్టుకుని కూర్చుంది.

"తృప్తిగా ఉందా?"

"నేనేం చేశానమ్మా?"

"నువ్వేం చెయ్యలేదా? పక్కన కూర్చుని పగలంతా ఏం ఎక్కించావు వాడికి? వాడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒక్క పూట ప్రార్థన తప్పలేదు. జ్వరంలో తప్పలేదు. వాడికున్న ఆధారం అదొక్కటే, అదీ పోయింది. నేను డాక్టర్లని అడుక్కుంటా, దేవుణ్ణి అడుక్కుంటా, ఇప్పుడు నిన్ను అడుక్కుంటున్నా. నువ్వు పాడుచేశావు, నువ్వే బాగుచెయ్యి."

వకీలుకి సమాధానాలు చాలా వచ్చాయి. నేనేం ఎక్కించలేదమ్మా, అన్నయ్య నా దగ్గర ఆ మాటే ఎత్తలేదు, అని ఒకటి. తల్లి ముఖం చూసింది. కొద్ది నెలల్లో పదేళ్ళు పైబడ్డ ముఖం. 

"సరేనమ్మా" అంది.

మధ్యాహ్నం అన్నయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కాలేజీ చర్చాపోటీలకి తయారైనట్టే తయారై వచ్చింది. నమ్మకం ఉన్నవాళ్ళు జబ్బుని తట్టుకుంటారని, మనసుకి ఊతం కావాలని, లోకంలో గొప్ప గొప్ప లెక్కల పండితులే నమ్మారని చెప్పింది. మనకి తెలియనంత మాత్రాన ఒకటి లేదనడానికి వీల్లేదంది. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే అట్టముక్కల్లా వినబడ్డాయి. అన్నయ్య దిండుకి ఆనుకుని శ్రద్ధగా విన్నాడు. చివర్లో పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. ఆమె నీళ్ళు అందించింది.

"దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నావా? పాపం, ఆయనకి నీకంటే మంచి వకీలు దొరకలేదా?"

"నవ్వకు. అమ్మ కుమిలిపోతోంది."

"అమ్మ పంపిందని తెలుసు." గ్లాసు ఆమె చేతికిచ్చాడు. "దేవుడు లేడని నేననడం లేదే. నీ పార్టీలో చేరలేదు, కంగారు పడకు."

"మరి?"

"ఆయనతో మాట్లాడబుద్ధి కావట్లేదు. ఇదివరకు మాట్లాడితే అవతల ఎవరో వింటున్నట్టుండేది. ఇప్పుడు ఖాళీ గదిలో మాట్లాడుకున్నట్టుంది. ఉన్నట్టు నటించడం నాకు చేతకాదు. నువ్వు నటించలేకే కదా లేచి కంచాలు పెట్టావు."

"అమ్మ కోసమైనా కూర్చోకూడదా అన్నయ్యా?"

అతను ముఖం అటు తిప్పుకున్నాడు. కిటికీ బయట ఎవరో తివాచీ దులుపుతున్న చప్పుడు.

"అందరూ నాకు అబద్ధాలు చెబుతున్నారే. డిపో వాళ్ళు వచ్చి రంగు తేలావంటారు. నాన్న వచ్చే ఏడు కొత్త ఇల్లు చూద్దామంటాడు. అమ్మ సరేసరి. నువ్వొక్కదానివే అబద్ధం చెప్పలేదు ఇంతవరకూ. నువ్వు కూడా మొదలుపెట్టకు."

వకీలు తల దించుకుంది. వాదనలో ఓడిపోయి ఏడవడం ఆమెకి అదే మొదటిసారి. అతను ఆమె జడ పట్టుకుని చిన్నగా లాగాడు.

"పోటీలెప్పుడు?"

అంతర్ కళాశాలల టేబుల్ టెన్నిస్ పోటీలు. తను వెళ్ళనని ఎప్పుడో నిర్ణయించుకుంది. ఆ మాటే చెప్పింది.

"వెళ్ళాలి. వెళ్ళి వచ్చి నాకు ప్రతి పాయింటూ చెప్పాలి. గెలిచావో ఓడావో నాకనవసరం, ఎలా ఆడావో కావాలి. ఇక్కడ ఫ్యాను రెక్కలూ, ఆసుపత్రిలో సెలైను చుక్కలూ లెక్కపెట్టుకునేవాడికి అంతకంటే ఏం కాలక్షేపం?"

వెళ్ళింది. మొదటి ఆటలోనే ఓడిపోయింది. ఎదుటి అమ్మాయి పొట్టిగా, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, ఏమీ రానట్టు కనబడింది. అన్నయ్యలాగే బంతిని కోసి కోసి పంపింది. వకీలు దంచింది, దంచింది, నెట్‌కి కొట్టింది. బస్సులో తిరిగొస్తూ, గెలిచానని చెబితేనో అన్న ఆలోచన వచ్చింది. ఆ ముఖంలో వెలుగు ఒక్కసారి చూసినా చాలు కదా అనిపించింది. గుమ్మంలోకి రాగానే, "ఓడిపోయానన్నయ్యా, చిత్తుగా" అంది.

అతను లేచి కూర్చున్నాడు. ఆ నెలంతా ఎవరి సాయమూ లేకుండా లేవలేనివాడు.

"సర్వీసు ఎటు వేశావు? ఆ పిల్ల బ్యాక్‌హ్యాండ్ ఎలా ఉంది?"

చీకటి పడేదాకా ఆ ఆట మాటలే. దువ్వెన తీసుకుని బ్యాటులా పట్టుకుని, మణికట్టు ఎక్కడ తిప్పాలో చూపించాడు. "బంతి కోసి పంపినప్పుడు నీకు కోపమొస్తుంది. కోపంగా కొడితే నెట్టే. ఆ బంతి నీ మీదికి రాలేదు, ఊరికే వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టు తీసుకో." తండ్రి మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడి, పిల్లలిద్దరి మాటలూ వింటూ తన పెద్ద వేళ్ళతో కళ్ళు ఒత్తుకున్నాడు. తల్లి మాత్రం ముందుగదిలోంచి రాలేదు. ఆట గురించే మాట్లాడుకున్నారని ఆవిడకి వినబడుతూనే ఉంది.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఆసుపత్రిలో మళ్ళీ చేర్చారు. ఈసారి డాక్టరమ్మ తండ్రిని ఒక్కణ్ణే గదిలోకి పిలిచి మాట్లాడింది. బయటికి వచ్చాక ఆయన గోడకి అంటించి ఉన్న చేతులు కడుక్కునే పద్ధతుల బొమ్మలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు. అందరికీ అర్థమైంది.

ఆసుపత్రి కింది అంతస్తులో ఒక చిన్న ప్రార్థన గది ఉంది. ఏ మతం వాళ్ళైనా వచ్చి కూర్చోవచ్చు. నాలుగు బెంచీలు, ఒక కిటికీ. తల్లి రోజులో సగం అక్కడే ఉండేది. పైకి వచ్చి కొడుకు నుదురు తడిమి, మళ్ళీ కిందికి పోయేది. మంచం పక్కన కూర్చుంటే తను చెయ్యగలిగిందేమీ లేదు. అక్కడ కూర్చుంటే ఏదో చేస్తున్నట్టుండేది.

ఆ రోజు మధ్యాహ్నం తండ్రి మందుల కోసం వెళ్ళాడు. తల్లి కింద ఉంది. వకీలు అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. అతను పొద్దున్నించీ కళ్ళు తెరవలేదు. ఉన్నట్టుండి తెరిచాడు. గదంతా చూశాడు, ఎవరినో వెతుకుతున్నట్టు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె ముఖం దగ్గరగా పెట్టింది.

"అమ్మ వచ్చిందా?"

ఆమె లేవబోయింది. పరిగెత్తితే రెండు అంతస్తుల మెట్లు, అంతే. కానీ అతని వేళ్ళు ఆమె వేళ్ళని బిగించి పట్టుకున్నాయి. ఎన్ని నెలలుగానో ఆ చేతిలో లేని బలం అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో. గంట నొక్కింది. నర్సు వచ్చేలోగా ఆమె ఏదో చెప్పింది అతనికి. అతను విన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నర్సు వచ్చి చెయ్యి చూసి, పరిగెత్తుకుంటూ డాక్టరమ్మ కోసం పోయింది. డాక్టరమ్మ వచ్చేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

తల్లి పైకి వచ్చేసరికి దుప్పటి ఛాతీ దాకా సర్ది ఉంది. ఆవిడ అరవలేదు. కొడుకు పాదాలు రెండూ పట్టుకుని, అవి చల్లబడుతున్నాయేమోనని రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి తలెత్తి కూతురిని చూసింది.

"నువ్వొక్కదానివే ఉన్నావా?"

"ఊఁ."

"దేవుణ్ణి తలుచుకున్నాడా? చివర్లోనైనా?"

వకీలు గోడ వైపు చూసింది. నిజం చెబితే, కొడుకు పిలిచినప్పుడు నువ్వు కింద ప్రార్థనలో ఉన్నావని చెప్పినట్టే. ఆ మాట విని ఈ తల్లి ఎలా బతుకుతుంది? ఇక ఏ దేవుడి ముందు కూర్చుంటుంది?

"పెదవులు కదిలాయమ్మా" అంది.

తల్లి కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. అంత మెల్లగా అన్న మాట ఆ పిల్ల చెవుల్లో నెలల తరబడి ఉండిపోయింది.

పరామర్శకి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ తల్లి అదే చెప్పింది. నా బిడ్డ ప్రార్థన చేసుకుంటూ పోయాడు, మా చిన్నది కళ్ళారా చూసింది. ఆ మాట మొదలవగానే వకీలు లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టింది. చర్చావేదిక వాళ్ళు పిలిస్తే రానంది. బ్యాటు బీరువా పైన పెట్టేసింది. మాట మీద మాట వేసే పిల్ల, ఎవరేమన్నా "అలాగే" అనడం నేర్చుకుంది. ఇంట్లో ఎవరూ ఆమెని వకీలు అని పిలవడం లేదు. ఆ పేరు పెట్టినవాడితోనే పోయినట్టుంది.

డిపో నుంచి కబురొచ్చింది, పెద్దోడి సామానేదో ఉందని, తీసుకెళ్ళమని. తండ్రి తన వల్ల కాదన్నాడు. తల్లీ కూతురూ వెళ్ళారు. అన్నయ్యకి పని నేర్పిన మేస్త్రీ, తెల్లజుట్టాయన, ఇనప బీరువా అర తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. ఒక జత పని బూట్లు, నూనె మరకల చొక్కా, ఒక తువ్వాలు, సగం వాడిన సబ్బు. ఉతికి ఇద్దామనుకున్నానమ్మా, కానీ చెయ్యాడలేదు, అన్నాడు మేస్త్రీ. తల్లి చొక్కా మడిచి సంచీలో పెట్టింది. బూట్లు పట్టలేదు. వాటిని చేతుల్లోనే పట్టుకుంది.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తల్లి బూట్లని ఒళ్ళో పెట్టుకుంది. చీరకి గ్రీజు అంటుతోంది. చూసుకోవడం లేదు. కొంతదూరం పోయాక, ముందు సీటు వైపు చూస్తూనే మాట్లాడింది.

"వాడు ప్రార్థన చెయ్యలేదు కదూ."

వకీలు చొక్కా ఉన్న సంచీని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు ఎవరితో వాదించినా కళ్ళలోకి చూసి వాదించేదానివి. ఆ రోజు గోడకేసి చూసి చెప్పావు. నాకప్పుడే తెలుసు. తెలిసీ అందరికీ అదే చెప్పుకున్నాను. చెప్పుకుంటే నిజమవుతుందేమోనని." బూటు తాడు ఒకటి ముడి విప్పి మళ్ళీ వేసింది. "పెదవులైతే కదిలాయన్నావు. అదీ అబద్ధమేనా?"

"కాదమ్మా. కదిలాయి."

"ఏమన్నాడు?"

"వద్దులేమ్మా."

"తిట్టాడా? దేవుణ్ణి తిట్టాడా? తిట్టినా పర్లేదే, వాడి నోట వచ్చిన ఆఖరి మాట. నాకు కావాలి."

ఇక దాచడానికి ఆ పిల్లకి శక్తి లేకపోయింది.

"అమ్మ వచ్చిందా, అన్నాడు."

బస్సు ఒక మలుపు తిరిగింది. తల్లి పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. ఏడుపు రాలేదు ఆవిడకి. నోరు తెరుచుకుని, గాలి అందనట్టు రెండుమూడు సార్లు పీల్చింది.

"కిందే ఉన్నాను కదే నేను."

"ఊఁ."

"పిలవకపోయావా?"

"చెయ్యి పట్టుకున్నాడమ్మా. గట్టిగా పట్టుకున్నాడు. విడిపించుకోలేకపోయాను." ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఆ పిల్ల గొంతులోంచి ఒక్కసారిగా వచ్చింది. "గంట నొక్కాను. ఎవరూ రాలేదు వెంటనే. నేను పరిగెత్తి ఉంటే నువ్వొచ్చేదానివేమో. కానీ వాడొక్కడే ఉండిపోయేవాడు."

ముందు సీట్లో వాళ్ళెవరో వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ తిరిగిపోయారు. తల్లి బూట్ల మీంచి ఒక చెయ్యి తీసి కూతురి మోకాలి మీద పెట్టింది.

"మంచిపని చేశావు. వదిలి రాలేదు. మంచిపని." ఆ మోకాలిని ఒకసారి నొక్కింది. "నువ్వేం చెప్పావు వాడికి?"

"వస్తోంది అన్నయ్యా, మెట్లెక్కుతోంది, అన్నాను."

"నమ్మాడా?"

"నమ్మాడమ్మా. నమ్మి కళ్ళు మూసుకున్నాడు."

తల్లి అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగసిపడ్డాయి. బూట్లు జారిపోతుంటే వకీలు రెండు చేతులతోనూ పట్టుకుంది. వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"అప్పుడు నేను నిజంగానే మెట్లెక్కుతున్నానేమోనే" అంది తల్లి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఎందుకో ఉన్నట్టుండి లేచి వచ్చాను కదా ఆ రోజు. ప్రార్థన పూర్తవకుండానే వచ్చేశాను."

అది నిజం కాదని ఆ పిల్లకి తెలుసు. డాక్టరమ్మ వచ్చి, వెళ్ళి, నర్సు దుప్పటి సర్దిన తర్వాత గానీ తల్లి రాలేదు. కింద నుంచి ఎవరో పిలుచుకొచ్చారు.

"అవునమ్మా" అంది. "అప్పటికే ఎక్కుతున్నావు."

ఈసారి తల్లి కళ్ళలోకి చూసి చెప్పింది.